ఒకే గొంతు, ఎన్నో వేషాలు

పిల్లలూ! మా వీధిలో మూడో తరగతి చదివే ఒక కుర్రవాడు ఉన్నాడు. ఎక్కడైనా ఘంటసాల గారి గొంతు వినబడితే చాలు, చెవులు మూసుకుని ఇంట్లోకి పరుగెత్తుతాడు. ఎందుకురా అని అడిగితే, "ఎవరో చచ్చిపోయారు, తాతగారూ!" అన్నాడు. పాపం, వాడి తప్పేమున్నది? వైకుంఠ రథం వెళ్ళినప్పుడల్లా అందులోంచి ఘంటసాల గారి భగవద్గీత వినిపిస్తుంది. ఆ గొంతును వాడు మరెక్కడా విని ఎరుగడు.

నాకు మనసు చివుక్కుమన్నది. గీత చనిపోయినవారికి చెప్పినది కాదు గదా! యుద్ధభూమిలో విల్లు పారవేసి కూలబడ్డ అర్జునుణ్ణి లేచి నిలబడమని చెప్పినది. ఆ రికార్డు ఒకసారి మొదటినుంచి వినండి. శ్లోకం రాగంతో పాడి, దాని తాత్పర్యాన్ని పక్కన కూర్చుని చెప్పినట్టు తెలుగులో చెబుతారు.

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. సంగీతం కోసం విజయనగరం వెళ్ళి, ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని తింటూ నేర్చుకున్నారు. దీన్నే మధుకరం అంటారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయన గురువు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళారు. తరువాత మద్రాసు చేరారు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసేదాకా పాడుతూనే ఉన్నారు.

ముందు ఆయన పద్యం వినండి. వెనుకటి నాటకాల్లో పద్యం అయిపోయినా రాగం అయిపోయేది కాదు. నటుడు చివరి అక్షరం పట్టుకుని సాగదీస్తూ ఉంటే జనం "వన్స్ మోర్" అని కేకలు వేసేవారు. పద్యంలో ఏమున్నదో మాత్రం చాలామందికి పట్టేది కాదు! ఘంటసాల గారు మాటను ముందు నిలబెట్టారు. ఎక్కడ ఆగితే అర్థం తెలుస్తుందో అక్కడ ఆగారు. మాటకు కావలసినంత రాగమే వేశారు. జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి 'పుష్పవిలాపం'లో పూలు తమను కోయవచ్చిన మనిషితో మొర పెట్టుకుంటాయి. నేను తరగతిలో ఆ రికార్డు వినిపించి, ఆ తరువాతే పుస్తకం తెరిపించేవాణ్ణి. పదవిభాగం వేరే చెప్పవలసిన పని ఉండేది కాదు.

ఇక సినిమాలకు వస్తే, 1953 నాటి 'దేవదాసు'లో బతుకు చెడినవాడి పాటలు పాడింది ఈ గొంతే. అక్కడ మాట తూలుతుంది, కాని శ్రుతి తప్పదు. 1961లో వచ్చిన 'జగదేకవీరుని కథ'లో పెండ్యాల గారు కట్టిన దర్బారీ కానడ పాట ఉన్నది. దానికి పెద్ద విద్వాంసుడి గొంతు కావాలి. అదీ ఆయనే పాడారు.

'మాయాబజార్'కు సంగీత దర్శకుడు ఆయనే. అయినా ఘటోత్కచుడు పెళ్ళివంటకాలన్నీ ఆరగించే పాట తాను పాడలేదు. మాధవపెద్ది సత్యం గారిచేత పాడించారు. ఆ రాక్షసుడి నోటికి ఆ గొంతే సరిపోయింది. తనకు తగనిది ఏదో తెలియడం కూడా విద్యే అని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు మీకొక పని. 1962 నాటి 'గుండమ్మ కథ'లో రామారావు గారికీ, నాగేశ్వరరావు గారికీ కూడా ఘంటసాల గారే పాడారు. సినిమా వేసినప్పుడు అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని, పాట రాగానే కళ్ళు మూసుకోండి. తెరమీద పాడుతున్నది ఎవరో గొంతునుబట్టి చెప్పండి. ఎన్ని సరిపోయాయో నాకు కార్డు రాయండి.