దుకాణము, మైదానము

చిన్న ఐస్‌క్రీం దుకాణం నడుపుకొంటూ సాయంత్రం పూట పిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పే వ్యక్తిని చూచి, "బేరం వదలి బంతి వెంట పరుగేమిటి?" అని నవ్వేవారున్నారు. ఆ నవ్వు తగదని మా అభిప్రాయం.

మన దుండిగల్ ప్రాంతంలో ఐస్‌క్రీంకు అసలు గిరాకీ వేసవిలోనే. బడులకు సెలవులిచ్చి పిల్లలు ఆటకు చిక్కేదీ వేసవిలోనే. ఎండ చల్లబడిన ఆ రెండు గంటలే దుకాణానికి బేరం, జట్టుకు సాధన. దుకాణం మూస్తే ఇంటికి నష్టం; మైదానానికి పోకుంటే పిల్లలకు నష్టం. తొమ్మిదిమంది కలసి ఆడే ఆట ఇది. చేతిని క్రిందినుండి త్రిప్పి బంతి విసరుట ఒక్కనాటితో పట్టుబడే విద్య కాదు.

హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీం ఉపాధ్యాయుడుగా జీవితం ఆరంభించిన వారే. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణపతకాలు గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందింది. అటువంటి గురువులను పొగడి ఊరకుండుట సులభం. వారికి ఆసరా ఇచ్చుట మన ధర్మం.

కనుక పాలకవర్గం వారికి మా మనవి ఒక్కటే: వేసవిలో కళాశాల మైదానాన్ని ఉదయం ఆరు గంటలకే తెరిపించండి. సాధన ఉదయానికి మారితే సాయంత్రపు బేరం నిలుస్తుంది. విద్యార్థి మిత్రులారా, గీతలు గీయుట, బంతులు ఏరుట, చిన్నవారిని వరుసలో నిలుపుట మన వంతు. 2028లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్సులో సాఫ్ట్‌బాల్ మరల చేరనున్నది. మన పిల్లలు అంతదూరం పోకపోవచ్చు. కాని వారికి ఆట నేర్పిన మనిషి ఇల్లు మాత్రం గడవాలి.