తెలుగు అక్షరానికీ మూలలు చెక్కుదాం

కొత్తచెరువులో బోర్‌వెల్ ఆఫీసుల బోర్డులు చూడండి. పేరు ఇంగ్లీషులో ఉలితో కోసినంత పదునుగా, అంతరిక్ష సినిమా మాదిరి ఉంటుంది. అదే పేరు కింద తెలుగులో చిన్నగా, పెళ్లిపత్రిక అక్షరాల్లో ఉంటుంది. ఫ్లెక్సీలు డిజైన్ చేసి బతికేవాణ్ణి, ఆ బోర్డుల్లో కొన్ని నావే. ‘అన్నా, తెలుగు కూడా అట్లే షార్పుగా ఉండాల’ అని అడిగేవాళ్లు ఉన్నారు. ఆ పదునున్న తెలుగు ఫాంటే సులువుగా చేతికి దొరకదు.

ఇంగ్లీషుకు ఈ సోకు పాతదే. ఇటలీకి చెందిన ఆల్డో నొవరేసే 1962లో యూరోస్టైల్ ఫాంటు గీశారు. ఆ నలుపలకల అక్షరాలు భవిష్యత్తుకు గుర్తుగా సినిమాలకెక్కాయి. ఆర్బిట్రాన్ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. అక్కడ సిలికానాంధ్ర సంస్థ పుణ్యాన మనకూ రామభద్ర, ధూర్జటి, సురవరం ఫాంట్లు ఉన్నాయి. హెడ్డింగుకు రామభద్ర దిట్టంగా నిలుస్తుంది గానీ, అదీ గుండ్రమే.

కోణాలు పెడితే తెలుగుతనం పోతుందనే పెద్దలు గుత్తికి దగ్గర్లోని ఎర్రగుడి రాళ్లను ఒకసారి చూసి రావాలి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దపు అశోకుడి శాసనాలవి. ఆ బ్రాహ్మీలో ‘క’ అచ్చంగా కూడిక గుర్తు, ‘గ’ రెండు వాసాలు ఆనించిన ఇంటికప్పు. మన లిపి దిగివచ్చింది ఆ గీతల నుంచే.

చిక్కంతా పనితనంలో ఉంది. మేం ఉన్న అక్షరాన్నే కర్వ్స్‌గా మార్చి, నోడ్లు పట్టి లాగి మూలలు తెస్తాం. సున్నాను నలుపలకలు చేశామా, ఫోన్లో ఫాంటు లేనప్పుడు వచ్చే ఖాళీ డబ్బా అయి కూర్చుంటుంది. దాని నాలుగు మూలలూ కోస్తేనే మళ్లీ సున్నా. ‘ప’ తలకట్టు విడిగా నిలుస్తుంది, ‘వ’ తలకట్టు ఒంటికి అతుకుతుంది. ఆ సందు పూడితే కొత్తపల్లి కాస్తా కొత్తవల్లి అవుతుంది. ఒక్క పేరుకైతే చేత్తో సరిదిద్దుతాం. ప్రతి గుణింతానికీ, ప్రతి వత్తుకూ చోటు చూసి గీయడం ఓపికగా కూర్చునే ఫాంటు రూపకర్త చేయాల్సిన పని.

వాడకానికీ హద్దుండాలి. బోరుబండి పేరు, వాలీబాల్ టోర్నమెంటు, సినిమా టైటిల్ లాంటి చోట్ల అడుగెత్తు అక్షరం పదునుగా ఉంటే చూపు ఆగుతుంది. అడుక్కి రేటెంత, కేసింగ్ పైపు ధరెంత, ఫోన్ నంబరెంత అన్నవి మాత్రం మామూలు అక్షరాల్లోనే ఉండాలి. అప్పు చేసి బోరు వేయించే రైతు అక్కడ తడబడకూడదు. బస్సు బోర్డుకూ, మందుల డబ్బాకూ ఇదే మాట.

సినిమావాళ్లారా, మీరు టైటిల్ కోసం గీయించుకున్న పదునైన అక్షరాలు ఆ పోస్టరుతోనే మరుగున పడుతున్నాయి. వాటిలో ఒక్కదాన్ని వత్తులతో సహా పూర్తి ఫాంటుగా చేయించి, ఉచితంగా వదలండి. బోర్డు మీద తెలుగు పేరును పైకి, పెద్దగా ఎక్కించే పూచీ మాది.