చెయ్యి వంగకపోతే చెంచా వంచుదాం

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్ళకు ఫ్లోరైడ్ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్, అంతకు ఎన్నో రెట్లున్న బోరు నీళ్ళు తరాల తరబడి తాగారు. 2016లో మొదలైన మిషన్ భగీరథతో నల్లా నీళ్ళొచ్చాయి, సంతోషమే. కానీ అప్పటికే బిగిసిపోయిన వెన్ను, వంగిపోయిన మోకాళ్ళు నల్లా తిప్పితే తిన్నగా కావు కదా! ఆ ఎముకల్ని మునుపటిలా చేసే మందూ లేదు. మరి ఆ మనిషి రేపు పొద్దున తల ఎలా దువ్వుకోవాలి? జాలారి దగ్గర చెంబు ఎలా ఎత్తాలి?

ఇంకెవరున్నారు, కోడలో కూతురో కూలి మానుకొని చేస్తుంది. పాలమూరు పల్లెల్లో ఆ కోడలూ కొడుకుతోపాటు బొంబాయికో పుణెకో వలసపోతే, ముసలావిడకు ఆ ఆసరా కూడా ఉండదు.

ఇలాంటి చోట పనికొచ్చే మనిషి ఆక్యుపేషనల్ థెరపిస్టు. (పేరు వింటే ఉద్యోగాలిప్పించే వాళ్ళేమో అనుకుంటాం!) మోకాలు ఎంత వంగుతుందో, ఇంకెంత వంచొచ్చో ఫిజియోథెరపిస్టు చూస్తే, వంగినంత మోకాలితోనే రోజు ఎలా గడుపుకోవాలో ఈమె నేర్పుతుంది. పిడికిలి బిగియనివాళ్ళకు చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చేస్తుంది, నోటికి అందేలా వంచుతుంది. దువ్వెనకు పొడుగు కర్ర కడుతుంది. కూర్చోలేని ఇల్లాలికి పొయ్యి గద్దె మీదికి, నిలబడలేని ఇల్లాలికి కిందికి మార్పిస్తుంది. పక్షవాతం వచ్చినవాళ్ళకు రవిక తొడిగేటప్పుడు పడిపోయిన చేతికి ముందు, విప్పేటప్పుడు బాగున్న చేతికి ముందు. ఇంత చిన్న సంగతి తెలియక ఎన్ని ఇళ్ళల్లో రోజూ ఏడుపులో!

మన దేశంలో ఈ చదువు కొత్తదేం కాదు. 1950లోనే కమలా నింబ్కర్ బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో స్కూలు పెట్టారు. అయినా ఇప్పటికీ ఆ సేవ కావాలంటే మనవాళ్ళు ఎక్కువగా హైదరాబాదులో ప్రైవేటు వాళ్ళనే వెతుక్కోవాలి. 2023లో 4,016 రూపాయలకు పెరిగిన వికలాంగుల పింఛనులో బస్సు కిరాయి ఎంత, ఫీజు ఎంత? మండలాల్లోని భవిత కేంద్రాలకు పిల్లల కోసం ఫిజియోథెరపిస్టు వస్తున్నారు. పెద్దల కోసం ఏరియా ఆస్పత్రికి నెలకో రోజు ఒక ప్రైవేటు ఆక్యుపేషనల్ థెరపిస్టును సర్కారే ఫీజు ఇచ్చి పిలిపిస్తే ఖజానా ఖాళీ అవుతుందా?

ప్రైవేటు అనగానే దోపిడీ అని కొట్టిపారెయ్యను. అయితే క్లినిక్‌లో టైలు గచ్చు మీద నడిపించి పంపితే మన ఇంటి గడప దాటడం రాదు. ఇంటికొచ్చి గడప, మంచం, మరుగుదొడ్డి చూడాలి. ఇంట్లోవాళ్ళకు నేర్పి తను తప్పుకోవాలి.

ఇంకో చిక్కు ఇరుగుపొరుగు నోళ్ళది. అత్తమ్మ తన చేత్తో, సగం ఒలకబోసుకుంటూ గంటసేపు తింటుంటే, ‘ముసలిదానికి నాలుగు ముద్దలు పెట్టలేదా కోడలు’ అంటారు. పెట్టడం తేలిక, అయిదు నిమిషాల పని. ఓపిగ్గా చూస్తూ కూర్చోవడమే కష్టం. ఆ గంటలో ఆ చెయ్యి ఎంత పని నేర్చుకుంటుందో అనేవాళ్ళకేం తెలుసు?

సర్కారు కదిలేదాకా మన మహిళా సంఘాలే ఒక పని చెయ్యొచ్చు. నాలుగిళ్ళు కలిసి కిరాయి, ఫీజు పంచుకొని ఒక థెరపిస్టును ఒక్క రోజు ఊరికి పిలిపించుకోవచ్చు. బేరం కుదిరేముందే ఆమెను అడగండి: ‘మూడు నెలలకు మా అత్తమ్మ ఎవరూ పట్టుకోకుండా ఏ పని చేసుకుంటుందమ్మా?’