దారిలో దిగవలసిన చోట్లు

హైదరాబాదు నుంచి తిరుపతికి సొంత కారులో కుటుంబంతో వెళ్లేవారు చాలామంది తెల్లవారుజామున బయలుదేరి, కర్నూలులో టిఫిను, కడప దగ్గర భోజనం కానిచ్చి, చీకటిపడేలోగా అలిపిరి చేరుకుంటే ప్రయాణం బాగా జరిగిందనుకుంటారు. 44వ నంబరు జాతీయ రహదారి, కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా సాగే 40వ నంబరు రహదారి విశాలమై, ఊళ్లను తప్పించుకుంటూ పోతుండటంతో, ఈ అయిదువందల పైచిలుకు కిలోమీటర్లలోని ఊళ్లు పచ్చబోర్డుల మీద పేర్లుగానే మిగిలాయి. వేగం వల్ల సమయం కలిసివచ్చిన మాట నిజమే గాని, ఆ కలిసివచ్చిన సమయంలో కొంత దారికే కేటాయించాలన్న ఆలోచన మాత్రం చాలా ఇళ్లలో కనిపించదు.

మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా, అంటే సాక్షుల మాటలను కోర్టుకు అనువదించి చెప్పే ఉద్యోగిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య, 1830 మే 18న కుటుంబంతోనూ సుమారు వందమంది పరివారంతోనూ కాశీకి బయలుదేరినప్పుడు దాదాపు ఇదే దారిని ఎదురుదిశలో, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలాల మీదుగా హైదరాబాదు దాకా ప్రయాణించారు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి ఆయన పంపిన వివరాలు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. మజిలీ, అంటే ఒక పూటో ఒక రాత్రో ఆగే చోటు, ఏదైనా సరే అక్కడ నీళ్లు ఎలా ఉన్నాయో, సరుకులు దొరుకుతాయో లేదో, దిగడానికి వసతి ఉందో లేదో ఆయన రాసుకున్నారు. పల్లకీ ప్రయాణంలో ఆగడం తప్పనిసరి కాబట్టి ఊరు దానంతటదే తెలిసేది. కారు ప్రయాణంలో ఆగడం ఐచ్ఛికం కాబట్టి ఊరిని కోరి ఎంచుకోవలసి వస్తుంది.

ఆ ఎంపికలో మొదట నిలవదగినది అలంపురం. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాలలో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు, పేరులో బ్రహ్మ ఉన్నా శివాలయాలే. వాటిలో చాలావాటి శిఖరాలు తెలుగునాట అరుదైన ఉత్తరాది పద్ధతిలో, వంపు తిరిగిన నిలువు గీతలతో పైకి లేస్తాయి. అయితే అక్కడి జోగుళాంబ అమ్మవారి దర్శనం చేసుకుని తిరిగివచ్చే కుటుంబాలు పక్కనే ఉన్న కూడలి సంగమేశ్వరాలయం దగ్గర ఇంకొంత సేపు నిలవాలి. తుంగభద్ర కృష్ణలో కలిసే కూడవెల్లి దగ్గర ఉండిన ఈ గుడి శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని తెలిసి, దానిని రాయి రాయిగా విడదీసి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. అది మెచ్చుకోదగిన పనే. కాని అదే నీటి కింద పొలాలూ ఇళ్లూ ఊరుమ్మడి బావులూ వదిలేసుకున్న గ్రామాల వాళ్లకు అలా తిరిగి నిలబెట్టి చూపించేది ఏదీ లేదు. ఆ గ్రామాల సంతతి ఇప్పుడు కర్నూలులో, హైదరాబాదులో, ఇంకా దూరదేశాలలో ఉంది. వాళ్ల పిల్లలకు తాతగారి ఊరంటే జలాశయం గట్టు మీద నిలబడి చేత్తో చూపించే దిక్కు మాత్రమే. అలాంటి కుటుంబాల విహారయాత్రల పట్టికలో ఆ గట్టుకు చోటు దక్కకపోతే, మిగిలిన చోట్లు ఎన్ని ఉన్నా ఆ పట్టిక అసంపూర్ణమే.

నంద్యాల దగ్గర పెద్ద రోడ్డు వదిలి బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు మళ్లితే దృశ్యం మారిపోతుంది. పొలానికి కంచె, పశువులకు తొట్టి, పాత ఇళ్లకు పైకప్పు, అన్నీ నాపరాళ్లే. దారి పొడవునా పాలిషింగ్ షెడ్ల ముందు పలకలు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి ఉంటాయి. కోత యంత్రం కింద నీరు పోస్తుండగా బూడిదరంగు బురద కాలువ కట్టి, ఎండిన చోట పిండిలా రేగుతుంది. హైదరాబాదు పాత ఇంటి వరండాలో పరిచిన బండ, వంటింటి అలమరలో డబ్బాలను మోస్తున్న నల్లటి పలక ఈ ప్రాంతాల నుంచి వచ్చినవే కావచ్చునని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటె మంచి చోటు లేదు. నాపరాయి సున్నపురాయిలో పొరలు పొరలుగా చీలే రకం. ఆ సున్నపురాయినే భూగర్భజలం యుగాల తరబడి కరిగించుకుంటూ పోగా ఏర్పడినవి బెలుం గుహలు. వాటి పొడవు 3,229 మీటర్లు. సందర్శకులు నడవగలిగేది అందులో దాదాపు సగం. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశారు. 1982-83లో గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం వివరంగా కొలిచింది. రాయిని మనుషులు కోసిన తీరు పైన, నీరు కోసిన తీరు కింద ఒకే పూటలో చూడవచ్చు గనుక, ఈ రెంటిలో గుహను మాత్రమే చూసి షెడ్డును వదిలేయడం సగం చూపే అవుతుంది.

గండికోట గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు; ఎర్రమల కొండల మధ్య పెన్న కోసుకున్న లోయ ఫొటోలలో ఇప్పటికే కావలసినంత ప్రసిద్ధి పొందింది. లోయ అంచు మీద ఫొటో దిగేవారు కోటలోని ధాన్యాగారంలోకి కూడా తొంగిచూస్తే, ముట్టడిని తట్టుకోవడానికి ఫిరంగులతో పాటు గింజలూ కావలసివచ్చేవని అర్థమవుతుంది.

కడపలో సి.పి. బ్రౌన్ పేరిట ఉన్న భాషా పరిశోధన కేంద్రం, 1820లో ఆ ఊరికి ఉద్యోగరీత్యా వచ్చిన బ్రౌన్ తన బంగళాలో పండితులకు జీతాలిచ్చి తాళపత్రాల ప్రతులు రాయించి, పాఠాలు సరిచూయించిన స్థలంలోనే, జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదల వల్ల వెలసింది. అక్కడి నుంచి రాజంపేట వైపు సాగితే దారిలోనే ఒంటిమిట్ట వస్తుంది. వావిలికొలను సుబ్బారావు కొబ్బరిచిప్ప చేతబట్టి బిచ్చమెత్తి ఆ రామాలయాన్ని ఉద్ధరించారు. ఆ తరువాత రోడ్డు పక్కన 108 అడుగుల అన్నమయ్య విగ్రహం దగ్గర కార్లు బారులు తీరి కనిపిస్తాయి గాని, ఆయన పుట్టిన తాళ్లపాక ఊళ్లోకి మళ్లేవి తక్కువ. తిరుమల సంకీర్తన భండారంలోని రాగిరేకుల మీద నిలిచిన కీర్తనలను రోజూ వినే ఇళ్లవాళ్లు ఆ చిన్న మలుపు తిరగకపోవడం వింతే.

ఆగకపోవడానికి తొందర ఒక్కటే కారణం కాదని కూడా ఒప్పుకోవాలి. టోల్‌గేటు దగ్గర ఉన్న మరుగుదొడ్డి, నీడ, తాగునీరు చరిత్ర ఉన్న చోట ఉండవు. ఎక్కడ దిగాలో చాలాసార్లు నిర్ణయించేది ఇంట్లోని ఆడవాళ్ల ఇబ్బంది, పెద్దవాళ్ల మోకాళ్లు. పర్యాటక శాఖలు విగ్రహాలకూ విద్యుద్దీపాలకూ పెట్టే ఖర్చులో కొంత శుభ్రమైన మరుగుదొడ్లకూ, వాటిని కడిగేవారి జీతాలకూ మళ్లిస్తే కుటుంబాలు వాటంతటవే ఆగుతాయి.

కుటుంబాలు చేయవలసింది అంతకంటె సులువు. తిరుమల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు తేదీ, సమయం ముందే ఖాయం చేసి ఇస్తారు కాబట్టి మొత్తం ప్రయాణాన్ని నడిపేది ఆ టికెట్టే. బయలుదేరిన మర్నాటికి కాక మూడో రోజు సాయంత్రానికి టికెట్టు తీసుకుని, నంద్యాలలో ఒక రాత్రి, కడపలో ఒక రాత్రి బస చేసి, దారిలో ఒక మజిలీని ఎంచే హక్కును కారులో అందరికంటె పెద్దవారికి అప్పగించాలి.