పామును తెచ్చుకొనుటకు ముందు

నాగులచవితినాడు పుట్టలో పాలు పోయుట మన పూర్వులు వెంట తెచ్చుకొన్న ఆచారము. కన్నడసీమలో తరతరములుగా స్థిరపడిన మనవారు శ్రావణమున నాగపంచమిని గూడ ఇరుగుపొరుగులతో కలసి చేసికొనుచున్నారు. ఇట్లు పామునకు దూరమునుండియే మ్రొక్కిన కుటుంబములలో, ఇప్పుడు కొందరు యువకులు దానిని గాజుపెట్టెలో నుంచి పెంచవలెనని ముచ్చటపడుచున్నారు. మా మేనల్లుడొకడు ఇటీవల ఈ కోరికను బయటపెట్టి, "పెద్దపామును పెంచుటకు ముందుగా ఏమేమి సిద్ధము చేసికొనవలెను మామయ్యా?" అని నన్నడిగినాడు. ఇంటివారందరు నవ్విరి. నాకు మాత్రము అది నవ్వదగిన ప్రశ్నగా తోచలేదు. తెచ్చిన పిమ్మట అడుగువారు పలువురు. తెచ్చుటకు ముందు అడుగువారు కొందరే.

మొదట చట్టమును తెలిసికొనవలెను. మన అడవులలోని కొండచిలువ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో నున్నది. దానిని పట్టుటయు, ఇంట నుంచుకొనుటయు నేరములు. మూడేండ్లకు తగ్గకుండ ఏడేండ్లవరకు ఖైదు విధింపవచ్చును. "పొలములో దొరికిన పిల్లపామే గదా" యను సమాధానము చెల్లదు. బోవా మొదలైన విదేశపు పాముల మాట వేరు. 2022లో చట్టమును సవరించి, 2024లో నిబంధనలు చేసిన పిదప, అట్టి ప్రాణిని పొందినవారు ముప్పది దినములలో ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొనవలెను. సక్రమముగా వచ్చినదను పత్రము లేని పామును ఎంత చవుకగా నిచ్చినను కొనరాదు. 2024 ఏప్రిల్‌లో బాంకాకునుండి బెంగుళూరు విమానాశ్రయమున దిగిన ఒక ప్రయాణికుని పెట్టెలో పది పసుపుపచ్చ అనకొండలు పట్టుబడినవి. సంతలోనికి వచ్చు పాములలో కొన్ని ఏ త్రోవను వచ్చుచున్నవో దీనిచే తెలియుచున్నది.

ఇక పెంపకము. బోవా పిల్ల పుట్టినపుడు ఒకటిన్నర అడుగుండును. అరచేతిలో చుట్టుకొని ముద్దుగా కనబడును. కొలది యేండ్లలో ఆడుది ఏడెనిమిది అడుగులు పెరుగుట సామాన్యము. ఇరువదియేండ్లకు పైగా బ్రతుకును. దానికి కనీసము ఆరడుగుల పొడవుగల పెట్టె కావలెను. గట్టి తాళము కావలెను. పెట్టెలో ఒక ప్రక్క ముప్పది రెండు సెంటీగ్రేడు డిగ్రీల వెచ్చదనమును, రెండవ ప్రక్క ఇరువదియారు డిగ్రీలును ఉండవలెను. బెంగుళూరు చలికాలపు రాత్రులలో వెచ్చజేయవలసి యుండగా, చెన్నపట్టణపు వేసవిలో చల్లబరుపవలసి వచ్చును. విద్యుచ్ఛక్తి ఆగిన రాత్రి ఏమి చేయుదురో ముందే ఆలోచింపవలెను.

పాము పాలు త్రాగి బ్రతుకదు. దానికి ఎలుకలును, కుందేళ్లును ఆహారము. ప్రాణముతో నున్న యెలుకను లోనికి వదలినచో అది పామునే కరచి గాయపరుపవచ్చును. కనుక చంపి, మంచుపెట్టెలో నిలువచేసి, తగినంత వెచ్చజేసి పెట్టుట మేలు. శాకాహారుల వంటింటి మంచుపెట్టెలో వీనికి చోటు దొరకునా? ఈ ప్రశ్నను మా అక్కగారి ముందుంచగా ఆమె లేచి లోనికి వెళ్లిపోయినది. ఇంతేకాక, పాములవలన సాల్మొనెల్లా యను క్రిమి వ్యాపింపగలదు గనుక, ఐదేండ్ల లోపు పిల్లలును, వృద్ధులును ఉన్న యింట మరింత జాగ్రత్త అవసరము. ఎనిమిది అడుగులకు మించిన పామును ఒంటరిగా ముట్టరాదు. వయస్సు వచ్చిన రెండవ మనిషి ప్రక్కన నుండి తీరవలెను.

ఇన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి కలదు. పామును పోషింపలేని దినము వచ్చినపుడు దానిని ఎవరికి అప్పగింతురు? అమెరికాలోని ఫ్లోరిడాలో బర్మా కొండచిలువలు చిత్తడినేలలలో నాటుకొని పెరుగుటకు, యజమానులు విడిచిపెట్టిన పెంపుడు పాములు ఒక కారణము. అచ్చటి చిన్న జంతువులు మిక్కిలిగా క్షీణించినవని 2012లో శాస్త్రజ్ఞులు తెల్పిరి. 2017లో వానిని పట్టుటకు మన తమిళనాటినుండి ఇరుళ తెగకు చెందిన ఇద్దరిని రప్పించుకొనిరి. రెండు వారముల లోపుననే వారు పదమూడింటిని పట్టియిచ్చిరి. ఎక్కడనో ఒక ఇంటివాని ముచ్చట తీరిన పిమ్మట మిగిలిన పనికై సముద్రములు దాటి మనుష్యులు పోవలసి వచ్చినది.

మన పిల్లలు చదువులకును, ఉద్యోగములకును ఊళ్లు మారుచున్నారు. ఇరువదియేండ్లు ఒక్కచోట నిలుచువారు అరుదు. కుమారుడు విమానమెక్కిన నాడు ఎనిమిది అడుగుల పామును తల్లి సాకవలెనా?

కావున నా అభిప్రాయమిది. పామును తెచ్చు దినమునకు గాక, అది పెరిగిన దినమునకు సిద్ధపడవలెను. ఒక యేడు ఆగుడు. గిండీలోని సర్పోద్యానమునకు పోయి, పెరిగిన కొండచిలువను చూడుడు. ఖాళీ పెట్టెను నెలదినములు నడపి, వేడిని అనుదినము వ్రాసికొనుడు. పామునకు చికిత్స చేయగల పశువైద్యుని వెదకుడు. సహాయము చేయు రెండవ మనిషి పేరును, మీరు లేనపుడు బాధ్యత వహించువారి పేరును కాగితముపై వ్రాసి, వారి యంగీకారమును తీసికొనుడు. వీనిలో ఏ యొక్కటి కుదరకున్నను, పామును తేవలదు.

తలిదండ్రులకును ఒక మనవి. బిడ్డ అడిగినపుడు కసరుకొనకుడు. కసరినచో రహస్యముగా తెచ్చుకొనును. ఈ పట్టికను చేతికిండు. మా మేనల్లుడు దానిని తీసికొనిపోయి మూడు వారములైనది. పెట్టె కొలతలు, వైద్యుని చిరునామా వ్రాసినాడు. బాధ్యత వహించువారి పేరు వ్రాయవలసిన చోటు మాత్రము ఇంకను ఖాళీగానే యున్నది. అది నిండువరకు పాము రాదని అతడే చెప్పినాడు.