నిప్పు లేకుండా కాలిపోయే చేను

"నీకేం తెగులొచ్చిందిరా?" అని ఒక్కసారైనా కసరని తల్లి తెలుగుదేశంలో ఉండదు. చెప్పిన పని చెయ్యని పిల్లవాడికీ, పాలు పితకబోతే తన్నే గేదెకూ, అవసరానికి వెలగని పొయ్యికీ ఒకటే దీవెన. పూర్వం తెగులంటే మనుష్యుల జబ్బు కూడాను. పాత కావ్యాలు తిరగేస్తే ఆ అర్థం కనబడుతుంది. తరువాత తరువాత రోగమనీ, వ్యాధి అనీ, జబ్బు అనీ మనకు వేరే మాటలు స్థిరపడిపోయి, తెగులు మాత్రం ఇంట్లో తిట్టుగానూ, పొలంలో పైరుకు వచ్చే రోగానికి పేరుగానూ మిగిలింది.

పైరు రోగాలకు మన రైతులు పెట్టుకున్న పేర్లు వింటుంటే ముచ్చట వేస్తుంది. చెరకు గడను నిలువునా చీలిస్తే లోపల ఎర్రబారి ఉంటుంది, అది ఎర్రకుళ్ళు. జొన్నకంకిలో గింజ ఉండవలసిన చోట నల్లటి పొడి ఉంటుంది. అది కాటుక తెగులు. ఆకులమీద విభూతి చల్లినట్లుంటే బూడిద తెగులు. సజ్జకంకి గింజకట్టడం మాని ఆకుల కుచ్చులా మారిపోతే, దానికి పిచ్చెక్కిందన్నమాట. అది వెర్రికంకి తెగులు. ఇక వరికి వచ్చే తెగుళ్ళలో పేరు వింటేనే గుండె జారేది అగ్గి తెగులు.

పచ్చగా ఏపుగా పెరిగిన వరిచేను. ఒకనాడు ఆకులమీద నూలుకండె ఆకారంలో మచ్చలు పడతాయి. రెండు కొసలూ మొనదేలి, మధ్య ఉబ్బుగా, చుట్టూ గోధుమరంగు అంచుతో, నడుమ బూడిదరంగుతో ఉంటాయి. మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఆకంతా ఎండుతుంది. దూరాన్నించి చూసేవాడికి ఎవరో చేనుకు నిప్పు పెట్టి ఆర్పినట్లుంటుంది. ఇది ఆకులతో పోతే కొంత నయం. వెన్ను వేసిన తరువాత కంకి మెడకు సోకితే, మెడ నల్లబడి విరిగి వాలిపోతుంది. దీన్నే మెడవిరుపు అంటారు. అప్పుడు గింజకు పాలు అందవు. కంకి నిండా తాలే! పెట్టుబడి అంతా పెట్టి, కోతకు కొడవలి నూరుకునే వేళ ఇది జరగడమే ఈ తెగులులోని దారుణం.

ఈ మంట మనకొక్కరికే కాదు. చైనాలో 1637లో వెలువడిన ఒక గ్రంథంలో వరికి జ్వరం వస్తుందని దీన్ని గురించి వ్రాశారు. వారికి జ్వరంగా కనిపించినది మనకు అగ్గిగా కనిపించింది. చూసినవాడు తెలుగువాడైనా చైనావాడైనా ఒళ్ళు కాలడమే తోచింది కాబోలు! మన దేశంలో 1919లో తంజావూరు డెల్టాను ఈ తెగులు తీవ్రంగా దెబ్బ తీసింది.

దీనికి మూలం ఒక శిలీంధ్రం, అంటే బూజు జాతిది. మరి బూజు బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటూనే ఉంటాయి గదా, ప్రతి ఏడూ ప్రతి చేనూ ఎందుకు తగలబడదు? దీనికి జవాబు మన పాతకాలపు వంటింట్లోనే ఉన్నది. మూడు రాళ్ళుంటేనే పొయ్యిమీద కుండ నిలుస్తుంది. తెగులుకూ మూడు రాళ్ళు కావాలి. తెగులును తట్టుకోలేని పైరు ఒకటి, తెగులు పుట్టించే బీజం రెండు, దానికి అనుకూలమైన వాతావరణం మూడు. ఈ మూడూ ఒక్కచోట, ఒక్కవేళ కుదిరితేనే అగ్గి రాజుకుంటుంది. ఏ ఒక్క రాయి తీసివేసినా కుండ ఒరిగిపోతుంది.

అగ్గి తెగులుకు నచ్చే వాతావరణం మనకు హాయిగా ఉండే వాతావరణమే! రాత్రి చల్లగా 20 డిగ్రీల ప్రాంతంలో ఉండి, గాలిలో తేమ హెచ్చుగా ఉండి, తెల్లవార్లూ ఆకులమీద మంచు నిలవాలి. అప్పుడు ఒక్కొక్క మచ్చనుంచి వేలకొలది బీజాలు గాలిలోకి లేస్తాయి. వాటిలో ఒకటి పక్క ఆకుమీది మంచుబిందువులో వాలి, తన కొసనున్న జిగురుతో అంటుకొని మొలకెత్తుతుంది. ఆ మొలక కొసన ఒక బుడిపె ఏర్పడుతుంది. ఈ బుడిపె చేసే పని వింటే ఆశ్చర్యం కలుగుతుంది. దాని లోపలి గోడకు నల్లటి పూత పట్టిస్తుంది. మన జుట్టుకు నలుపునిచ్చే మెలనిన్ కోవకు చెందినదే ఆ పూత. లోపల గ్లిజరిన్ కూడబెడుతుంది. దాని మూలంగా నీరు లోపలికి ఊరివస్తుంది, పూత అడ్డుపడి గ్లిజరిన్ బయటికి పోనివ్వదు. లోపలి ఒత్తిడి పెరిగి పెరిగి కారు టైరులోని ఒత్తిడికి సుమారు 40 రెట్లవుతుంది. ఆ బలంతో సన్నని మేకులాంటిది దిగగొట్టి ఆకు చర్మాన్ని ఛేదించి లోపలికి చొరబడుతుంది. కంటికి కనిపించని ప్రాణికి ఎంతటి సత్తువో చూడండి! నాలుగైదు రోజులలో కొత్త మచ్చ, దానినుంచి మళ్ళీ వేల బీజాలు.

బీజాలు గాలితో పోవడమే కాదు, విత్తనాలతోనూ, ఎండుగడ్డితోనూ ప్రయాణం చేస్తాయి. గట్లమీది గడ్డిజాతి కలుపుమొక్కలలో తలదాచుకొని మరుసటి పంటకోసం కాచుకొని ఉంటాయి. సముద్రాలైనా వాటికి లెక్కలేదు. ఈ శిలీంధ్రపు దాయాది ఒకటి 1985లో బ్రెజిల్ దేశంలో గోధుమను పట్టుకున్నది. 2016లో అది బంగ్లాదేశ్‌లో ప్రత్యక్షమై సుమారు 15,000 హెక్టార్ల గోధుమను పాడుచేసింది. దాని వంశవృక్షం పరిశీలించిన శాస్త్రజ్ఞులు అది దక్షిణ అమెరికానుంచే వచ్చిందని తేల్చారు.

ఇక రాళ్ళు తియ్యడం ఎలాగో చూద్దాం. వాతావరణం మన చేతిలో లేదనుకుంటాం గాని, కొంత ఉన్నది. పైరు నల్లగా నిగనిగలాడాలని యూరియా ఒక్కసారే గుమ్మరిస్తే ఆకు మెత్తబడుతుంది, దుబ్బు గుబురై లోపల చెమ్మ నిలుస్తుంది. బొద్దుగా పెంచిన బిడ్డకు జలుబు ఎక్కువన్నట్లు, ఆ చేనుకే తెగులు ముందు సోకుతుంది. అందుకే యూరియాను విడతలుగా, తగుమాత్రంగా వెయ్యమంటారు. తెగులు కనిపిస్తే కొన్నాళ్ళు ఆపమంటారు. రెండవ రాయి బీజం. విత్తనశుద్ధి చేసి, గట్లు శుభ్రంగా ఉంచి, తెగులు సోకిన గడ్డిని చేలో ఉంచకపోతే దాని బలం తగ్గుతుంది.

మందుల సంగతి కూడా చెప్పాలి. ట్రైసైక్లజోల్ అనే మందు మన రైతులందరికీ పరిచయమే. ఇది పైన చెప్పిన నల్లపూతను తయారుకానివ్వదు. పూత లేని బుడిపెకు ఒత్తిడి నిలవదు, ఆకులోకి దిగలేదు. అంటే ఇది వీధితలుపుకు వేసే గడియ అన్నమాట. మచ్చలు చేనంతా పరుచుకున్నాక చల్లడం, దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లే. అప్పుడు భయంతో మోతాదు మించి, మాటిమాటికి చల్లడం వల్ల డబ్బు పోతుంది, మందు అవశేషం గింజలో మిగిలే ప్రమాదమూ ఉన్నది. ఐరోపా సమాజం వారు 2018 నుంచి బియ్యంలో ఈ మందు అవశేషాన్ని కిలోకు 0.01 మిల్లీగ్రాముకు మించనివ్వమని నిబంధన పెట్టేసరికి మన బాస్మతి వర్తకులు తలలు పట్టుకున్నారు.

మిగిలినది మూడవ రాయి, పైరు. ఇక్కడ మన భోజనాల బల్ల కూడా లెక్కలోకి వస్తుంది.

బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204కు సాంబ మసూరి అని పేరు. సన్నని గింజ, పొడిపొడిగా మెత్తగా ఉండే అన్నం. తెలుగువారి నోటికి ఇంతగా పట్టిన బియ్యం మరొకటి లేదు. కాని దానికి అగ్గి తెగులును తట్టుకొనే శక్తి బహు తక్కువ, ఎండాకు తెగులుకూ అది లోకువే. ఈ సంగతి రైతుకు తెలియక కాదు. కొనేవారు అదే అడుగుతారు, కాబట్టి అదే వేస్తాడు. ఊరు ఊరంతా ఒకే వంగడం వేస్తే, ఒక ఇంటి తాళంచెవితో వీధిలోని ఇళ్ళన్నీ తెరుచుకున్నట్లవుతుంది. మనం వడ్డించుకునే మల్లెపువ్వులాంటి అన్నం వెనక, మంచు కురిసే రాత్రుల్లో నిద్రపట్టని రైతు ఉన్నాడు.

దీనికి శాస్త్రజ్ఞులు దారులు వెతకకపోలేదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంస్థ కలిసి ఎండాకు తెగులును ఎదుర్కొనే మూడు జన్యువులను సాంబ మసూరిలోకి సంకరం ద్వారా తెచ్చి, 2008లో కొత్త సాంబ మసూరిని విడుదల చేయించారు. అగ్గి తెగులును తట్టుకొనే సన్నరకం రాజేంద్రనగర్‌లో తయారైంది, అదే ఆర్.ఎన్.ఆర్. 15048, తెలంగాణ సోనా. అయితే శిలీంధ్రమూ ఊరుకోదు. వేషాలు మార్చి కొన్నేళ్ళకు ఆ తాళాన్నీ తెరుస్తుంది. అందుకని ఏ ఒక్క రకాన్నో నమ్మి కూర్చోరాదు.

చైనాలోని యునాన్ ప్రాంతపు కథ మనకు బాగా పనికివస్తుంది. అక్కడివారికి జిగురుబియ్యమంటే ప్రాణం, దాని ధరా ఎక్కువే, కాని అది అగ్గి తెగులుకు ఇట్టే లొంగుతుంది. 1998, 1999 సంవత్సరాలలో అక్కడి వేలాది రైతులు ఆ జిగురువరి సాళ్ళను తెగులుకు తట్టుకొనే వరి సాళ్ళ నడుమ వేశారు. విడిగా వేసిన చేలతో పోలిస్తే జిగురువరిలో తెగులు 94 శాతం తగ్గిపోయింది. రెండో ఏడు పూర్తయ్యేసరికి ఈ తెగులుకు మందు చల్లవలసిన అవసరమే లేకపోయింది. వారు తమకిష్టమైన అన్నాన్ని మానుకోలేదు, దానికి మంచి పొరుగును ఇచ్చారంతే.

మన గృహిణులు చెయ్యగలిగినదీ కొంత ఉన్నది. బియ్యం కొట్టులో బస్తామీది బొమ్మ చూసి కాక, లోపలిది ఏ వడ్లని అడగడం ఒకటి. ఏడాదికి నాలుగు బస్తాలు కొనే ఇల్లు అందులో ఒకటైనా వేరే రకం తెప్పించి వండి చూడటం రెండవది. మొదటిసారి ఎసరు కుదరకపోవచ్చు, ఇంటాయన ముఖం చిట్లించవచ్చు. రెండోసారికి కుదురుతుంది. అడిగేవారుంటే అమ్మేవాడు తెప్పిస్తాడు, అమ్ముడుపోతుందంటే రైతు ధైర్యంగా వేస్తాడు.