ఎప్పుడు బోర్లపడితే అప్పుడే బొబ్బట్లు

మొన్న మా పక్కింట్లో అన్నప్రాసన జరిగింది. మగపిల్లవాడు. ఆరో నెల, ఆరో రోజు. వాడికి పట్టుపంచె చుట్టి, బుగ్గన చుక్కపెట్టి, చాపమీద కూర్చోబెట్టారు. ఎదురుగా ఒక పుస్తకం, కలం, బంగారు గొలుసు, వెండిరూపాయి పెట్టారు. వాడు పాక్కుంటూ వెళ్ళి ఏది పట్టుకుంటే పెద్దయ్యాక అందులో పైకొస్తాడని గదా మన సరదా! పాకడం మాట దేవుడెరుగు, వాడు కూర్చోనే లేదు. చెయ్యి వదలగానే పక్కకి ఒరిగిపోయి, తన గుప్పిట తనే చీక్కుంటూ, బంగారాన్నీ చదువునీ కూడా ఖాతరు చెయ్యకుండా, పైన తిరుగుతున్న ఫాను కేసి చూసి నవ్వాడు.

"అయ్యో, ఇంకా కూర్చోడం రాలేదూ? మా మనవడు ఈపాటికి ఇల్లంతా పాకేశాడు!" అన్నదొకావిడ.

ఆ ఒకావిడ మరెవరో కాదు, నేనే.

ఇంక చూడండి, అందరికీ నోళ్ళు లేచాయి. "మా పిల్ల నాలుగో నెలకే బోర్లపడింది" అని ఒకరు. "నూనె సరిగ్గా మర్దించడం లేదేమో" అని మరొకరు. "పాలు చాలడం లేదు కాబోలు, డబ్బాపాలు పట్టి చూడరాదూ" అని ఇంకొకరు. "వాకరు కొనిపడేస్తే సరి" అని బాబు మేనమామ. ఇంతలో పాయసం తెస్తానని వంటింట్లోకి వెళ్ళిన పిల్లతల్లి ఎంతకీ రాలేదు. వెళ్ళి చూస్తే పొయ్యిగట్టు వైపు తిరిగి నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది.

"పిన్నిగారూ, వాడిలో ఏదైనా లోపం వుందంటారా? నా వల్లే ఏమైనా పొరపాటు జరిగిందా?" అంది.

ఇద్దర్ని పెంచాను, ముగ్గురు మనవల్ని ఎత్తుకున్నాను. ఆ ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ రాత్రి నిద్రపట్టక లెక్కలు కట్టడం మొదలుపెట్టాను. మీరూ నాతోపాటు కట్టండి.

మనం ఆరో నెల అంటే ఏమిటి? అయిదు నిండి ఆరు నడుస్తోందని. డాక్టర్ల పట్టికలో ఆరు నెలలంటే ఆరూ నిండాయని. ఈ రెండు లెక్కల మధ్య ఒక నెల ఎగిరిపోతుంది. పైగా ఈ పిల్లవాడు నెలన్నర ముందే పుట్టాడు. అలాంటి పిల్లల ఎదుగుదలని పుట్టిన తేదీ నుంచి కాక, పుట్టవలసిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. అప్పుడు వాడి వయసెంత? నిండా నాలుగు నెలలు లేవు! నాలుగు నెలలు నిండని పసివాణ్ణి పీటల దగ్గర కూర్చోబెట్టి, కూర్చోలేదేమని పదిమంది ఆడవాళ్ళం పంచాయితీ పెట్టామన్నమాట.

ఇంకో సంగతి కూడా ఒప్పేసుకుంటాను. మా మనవడు ఇల్లంతా పాకేశాడని గొప్పగా చెప్పానా? తీరా ఫోన్లో పాత వీడియో తీసి చూద్దును గదా, వాడు పాకడం మొదలుపెట్టింది తొమ్మిదో నెలలో! పిల్లలు ఎదిగిపోయాక మన జ్ఞాపకంలో వాళ్ళు మరీ తొందరగా ఎదుగుతారు. అలాంటి జ్ఞాపకాన్ని కొలబద్దగా పట్టుకుని ఎదుటివాళ్ళ పిల్లల్ని కొలుస్తాం.

నిజమైన కొలబద్దలు లేకపోలేదు. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పరిశీలన ప్రకటించింది. ఇండియా, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యంగా వున్న 816 మంది పిల్లల్ని వరసగా గమనించి చెప్పిన మాట అది. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల దాకా ఎప్పుడైనా రావచ్చు. చేతులూ మోకాళ్ళ మీద పాకడం 5.2 నుంచి 13.5 దాకా. నూటికి నలుగురు పిల్లలు అలా పాకనే పాకలేదు, అయినా నడిచారు. తిరువనంతపురంలో 1991లో తయారైన పట్టిక చూసినా అంతే. అందులో ఒక్కొక్క పనికి ఒక చుక్క వుండదు, పొడుగాటి గీత వుంటుంది. పిల్లవాడి వయసు దగ్గర పెన్సిలు నిలువుగా పెట్టి, ఆ గీత దాటిపోయిందా లేదా అని చూస్తారు. గీత మొదట్లో వున్నవాడు మొనగాడూ కాదు, చివర్లో వున్నవాడు మొద్దూ కాదు.

ఇంకొకటి వినండి. 1994లో అమెరికాలో పసిపిల్లల్ని వెల్లకిలా నిద్రపుచ్చమని పెద్ద ప్రచారం మొదలైంది. నిద్రలో జరిగే ఆకస్మిక మరణాలు బాగా తగ్గాయి. అలా పడుకున్న పిల్లలు బోర్లపడటం కాస్త ఆలస్యమైంది గానీ, నడక దగ్గరికి వచ్చేసరికి తేడాయే లేదు! అంచేత నిద్రకి వెల్లకిలా, మెలకువగా వున్నప్పుడు మనం కనిపెట్టుకుని బొంతమీద కాసేపు బోర్లా. వాడికి కావలసిన కసరత్తు అంతే.

పసివాడి వొంటికి ఒక వరస వుంది. ముందు మెడ నిలుస్తుంది, తర్వాత మోచేతుల మీద రొమ్ము లేపుతాడు, ఆ తర్వాత నడుము. బిగిసిన గుప్పిళ్ళు విచ్చుకుంటాయి, చేతులు నోట్లోకి వెళతాయి, గిలక్కాయ అందుకుంటాడు. ఆరు నెలలు నిండేసరికి చాలామంది ముందుకి చేతులు ఆనించుకుని కూర్చుంటారు, అంతే. నాలుగువైపులా దిళ్ళు పేర్చి నిలబెట్టినంత మాత్రాన నడుముకి బలం రాదు. ఇక వాకరంటారా, అది నడక నేర్పదు సరిగదా, మెట్లమీద నుంచి దొర్లిస్తుంది, వేడి గిన్నెలు చేతికందిస్తుంది. కెనడా 2004లోనే దాని అమ్మకం నిషేధించింది. మన మేనమామలు మాత్రం ఇప్పటికీ ముచ్చటపడి కొంటూనే వున్నారు.

అలాగని "ఏం కాదులే, వాడే చేస్తాడు" అని కళ్ళు మూసుకుని కూర్చోమనడం లేదు. పోల్చడం ఎంత తప్పో, చూడకపోవడమూ అంతే తప్పు. నాలుగు నిండి అయిదులో పడినా మెడ నిలవకపోయినా, ఎప్పుడూ గుప్పిళ్ళు బిగించే వుంచినా, ఒక చెయ్యే వాడుతూ రెండోది కదపకపోయినా, వొళ్ళు కర్రలా బిగిసినా, గుడ్డపీలికలా వాలిపోయినా, వచ్చిన పని మళ్ళీ పోయినా డాక్టరుకి చూపించవలసిందే. చెయ్యవలసిన సాయం తొందరగా మొదలుపెడితే మేలెక్కువ. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ పరీక్షలు ఉచితం. ఇవి పిల్లవాణ్ణి చూసి తెలుసుకునే సంగతులు. పక్కింటి పిల్లవాణ్ణి చూసి తెలిసేవి కావు.

మన పాతవాళ్ళని చూడండి. బోర్లపడితే బొబ్బట్లన్నారు. గడప దాటితే గారెలన్నారు. అడుగులకి అరిసెలన్నారు, పలుకులకి చిలకలన్నారు. ఎక్కడైనా ఫలానా నెల అన్నారా? నాలుగో నెలలో బోర్లపడితే నేతి బొబ్బట్లు, ఆరో నెలలో పడితే నూనె బొబ్బట్లు అన్నారా? పాతకాలంలో దెప్పిపొడుపులు లేవని అబద్ధం చెప్పను. మా అత్తగారి నోటి ధాటి నాకు తెలుసు. కానీ మాట ఎవరెన్ని అన్నా వంటకం మాత్రం అందరికీ ఒకటే. దానికి గడువూ లేదు, మొదటి బహుమతీ లేదు.

బాలింత నిద్రలేక, నడుము నొప్పితో, పాలు సరిపోతున్నాయో లేదోనన్న బెంగతో వుంటుంది. ఆ సమయంలో "ఇంకా రాలేదూ?" అన్న ఒక్క మాట చాలు, వున్న పాలమీద కూడా నమ్మకం పోవడానికి. ఆ మాట అనేది మగవాళ్ళు కాదు, పరాయివాళ్ళు కాదు. పిల్లల్ని కని పెంచినవాళ్ళం, అన్నీ తెలిసినవాళ్ళం, మనమే. అనకుండా వుండటానికి ఖర్చేమీ కాదు గదా!

మర్నాడే వెళ్ళి ఆ అమ్మాయికి నా లెక్కంతా చెప్పాను. మెడ బాగా నిలిచిందనీ, చేతులు రెండూ చక్కగా ఆడిస్తున్నాడనీ డాక్టరు కూడా చెప్పాడట. మూడు వారాలు గడిచాయి. పోయిన గురువారం పొద్దున్నే తలుపు దబదబా బాదింది. "పిన్నిగారూ, బోర్లపడ్డాడు! చెయ్యి కింద ఇరుక్కుపోయి వొకటే ఏడుపు!"

ఎన్నో నెల అని నేను అడగలేదు. శనగపప్పు ఉడకేశాను. పాతిక బొబ్బట్లు చేసి పట్టుకెళ్ళాను. అన్నప్రాసన నాడు నోరు జారినందుకు అపరాధరుసుం అనుకోండి.